అండమాన్ డైవింగ్‌కు నైట్రాక్స్: ఎంత మేలు, ఎక్కడ ముప్పు?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. విశాఖపట్నంలో ఉంటాను. రుషికొండ దగ్గర తొలిసారి స్కూబా చేసి, ఆ ఇష్టంతో ఓపెన్ వాటర్, అడ్వాన్స్‌డ్ కోర్సులు పూర్తిచేశాను. ఇప్పుడు అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్‌కు, అంటే పాత హేవ్‌లాక్‌కు, ఆరు రోజులకు వెళ్తున్నాను. రోజుకు మూడు డైవ్‌లు చేయాలని ఉంది. మామూలు గాలికి బదులు ఆక్సిజన్ వాటా పెంచిన నైట్రాక్స్ తీసుకుంటే బెండ్స్ (పైకి వచ్చేటప్పుడు ఒంట్లో బుడగలు కట్టే జబ్బు) భయం ఉండదని, అలసట రాదని, ఇంకా లోతుకు వెళ్లవచ్చని, తిరుగు ప్రయాణం రోజు ఉదయం కూడా డైవ్ చేసి మధ్యాహ్నం విమానం ఎక్కవచ్చని తోటి డైవర్లు చెబుతున్నారు. మా వారు మాత్రం ఒత్తిడిలో ఆక్సిజన్ విషమవుతుందని చదివి, వద్దంటున్నారు. సగటున 15 మీటర్ల లోతులో 40 నిమిషాలకు నా సిలిండర్ పీడనం 200 బార్ నుంచి 50 బార్‌కు వస్తుంది. నాకు నైట్రాక్స్ అవసరమా?

సమాధానం: మీ తోటి డైవర్లు చెప్పిన నాలుగు మాటల్లో మొదటిది షరతులతో కూడిన నిజం, రెండవది ఇంకా రుజువు కానిది, మూడవది పూర్తిగా తలకిందులైనది, నాలుగవది మీరు ఎంతమాత్రం పాటించకూడనిది. మీ వారి మాటలో శాస్త్రం ఉంది. అయితే ఆ శాస్త్రం చెప్పేది నైట్రాక్స్‌ను మానుకోమని కాదు, దానికి ఒక లోతు హద్దు ఉందని, ఆ హద్దును ఏ కారణంతోనూ దాటకూడదని. నైట్రాక్స్ కోర్సు చేయండి, 32 శాతం మిశ్రమం తీసుకోండి, కాని దానివల్ల దొరికే వెసులుబాటును నీటి అడుగున అదనపు నిమిషాల కోసం ఖర్చు చేయకుండా మీ శరీరానికి రక్షణగా మిగుల్చుకోండి అన్నది నా సలహా.

మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ దాదాపు 21 శాతం, మిగిలినది దాదాపు అంతా నైట్రోజన్. సముద్రంలో ప్రతి 10 మీటర్ల లోతుకు ఒక వాతావరణ పీడనం అదనంగా చేరుతుంది కనుక 30 మీటర్ల వద్ద మనమీద ఉండే పీడనం ఒడ్డున ఉన్నదానికి నాలుగు రెట్లు. నోట్లో పెట్టుకుని పీల్చే రెగ్యులేటర్ కూడా అదే పీడనంతో గాలిని అందిస్తుంది కనుక అందులోని ప్రతి వాయువు పాక్షిక పీడనమూ (మొత్తం పీడనంలో ఆ వాయువు వాటా) నాలుగు రెట్లవుతుంది. ఆక్సిజన్‌ను శరీరం కొంత వాడుకుంటుంది. నైట్రోజన్‌ను వాడుకోదు, అది రక్తంలో, కండరాల్లో, కొవ్వులో కరిగి పేరుకుంటూ పోతుంది. అలా పేరుకున్నది పైకి వచ్చేటప్పుడు నెమ్మదిగా ఊపిరితిత్తుల గుండా బయటపడితే ఇబ్బంది లేదు, అంతకంటే వేగంగా పీడనం తగ్గితే శరీరంలోనే బుడగలు కట్టి కీళ్ల నొప్పుల నుంచి పక్షవాతం దాకా దేనికైనా దారితీస్తుంది. బెండ్స్ అని మనం పిలిచే డికంప్రెషన్ సిక్‌నెస్ ఇదే. సిలిండర్‌లో నైట్రోజన్ వాటాను తగ్గించి, అంత లోతులోనే అంతసేపట్లోనే శరీరంలో కరిగే నైట్రోజన్‌ను తగ్గించడమే నైట్రాక్స్ చేసే పని. దాని ఉపకారం అంతవరకే.

ఎంత తగ్గుతుందో చూద్దాం. 32 శాతం మిశ్రమంలో నైట్రోజన్ 68 శాతం. దానితో 30 మీటర్ల వద్ద ఉన్నప్పుడు మీ శరీరంలోకి చేరే నైట్రోజన్, మామూలు గాలితో సుమారు 24.5 మీటర్ల వద్ద చేరేదానితో సమానం. వినోద డైవింగ్‌లో విరివిగా వాడే ఒక పట్టిక ప్రకారం మామూలు గాలితో 30 మీటర్ల వద్ద మధ్యలో ఆగకుండా పైకి రాగల గరిష్ఠ సమయం 20 నిమిషాలు, 25 మీటర్ల వద్ద 29 నిమిషాలు. అంటే నైట్రాక్స్‌తో 30 మీటర్ల వద్ద మీకు దాదాపు తొమ్మిది నిమిషాలు కలిసివస్తాయి. 18 మీటర్ల వద్ద తేడా ఇంకా పెద్దది: గాలితో 56 నిమిషాలు, 32 శాతంతో సుమారు 95.

ఈ అంకెలు చూసి ఉత్సాహపడేముందు మీరు ఉత్తరంలో ఇచ్చిన వివరాన్ని లెక్కలోకి తీసుకోవాలి, ఎందుకంటే మీ ప్రశ్నకు అసలు జవాబు అందులోనే ఉంది. మన దగ్గర ఎక్కువగా దొరికే అల్యూమినియం సిలిండర్ పరిమాణం సుమారు 11 లీటర్లు. 150 బార్ వాడారంటే సుమారు 1,650 లీటర్ల గాలి. దాన్ని 40 నిమిషాలతో, 15 మీటర్ల వద్ద ఉండే రెండున్నర రెట్ల పీడనంతో భాగిస్తే ఒడ్డు లెక్కన మీరు నిమిషానికి దాదాపు 16.5 లీటర్లు పీలుస్తున్నారు. అనుభవం ఇంకా పెరగవలసిన డైవర్‌కు ఇది మంచి అంకే. ఇదే వేగంతో 18 మీటర్ల వద్ద మీ సిలిండర్ దాదాపు 36 నిమిషాలు వస్తుంది. గాలితోనే 56 నిమిషాల అనుమతి ఉన్న చోట, 36 నిమిషాలకే సిలిండర్ మిమ్మల్ని పైకి పంపేస్తుంటే, ఆ అనుమతి 95 అయినా మీకు ఒరిగేదేమీ లేదు. 25 మీటర్ల వద్ద సిలిండర్ 28 నిమిషాలు వస్తుంది, అనుమతి 29. అక్కడా లాభం లేదు. 30 మీటర్ల వద్ద మాత్రమే సిలిండర్ 25 నిమిషాలు, అనుమతి 20. కాని పైకి రావడానికీ, 5 మీటర్ల వద్ద జాగ్రత్తకోసం మూడు నిమిషాలు ఆగే సేఫ్టీ స్టాప్‌కూ కావలసిన గాలిని పక్కన పెడితే ఆ తేడా కూడా దాదాపు కరిగిపోతుంది. నైట్రాక్స్ వల్ల సిలిండర్ ఎక్కువసేపు రాదు. మీరు పీల్చే లీటర్లు అవే. కాబట్టి రోజు మొదటి డైవ్‌లో ఎక్కువసేపు ఉండడానికే నైట్రాక్స్ కావాలనుకుంటే, ఆ డబ్బును నీటిలో మీరు తేలే సమతూకాన్నీ (బాయెన్సీ) శ్వాసనూ సరిదిద్దగల మంచి ఇన్‌స్ట్రక్టర్‌తో ఒక పూట గడపడానికి వెచ్చించమంటాను.

అయినా తీసుకోండి అని ఎందుకంటున్నానంటే, మీది ఒక్క డైవ్ కాదు కనుక. మొదటి డైవ్‌లో పేరుకున్న నైట్రోజన్ గంట విరామంలో పూర్తిగా బయటికి పోదు. రెండవ డైవ్ ఆ మిగులుతో మొదలవుతుంది, మూడవది రెండింటి మిగులుతో. అందుకే మధ్యాహ్నానికి, లోతునూ సమయాన్నీ లెక్కగట్టే డైవ్ కంప్యూటర్ చూపే అనుమతి సమయం ఉదయం చూపినదానికంటే బాగా తగ్గి, సిలిండర్ కంటే ముందు అదే మిమ్మల్ని పైకి రమ్మనే పరిస్థితి వస్తుంది. కణజాలాల్లో కొన్ని నైట్రోజన్‌ను చాలా నెమ్మదిగా వదులుతాయి కనుక వరుసగా ఆరు రోజులు, రోజుకు మూడు డైవ్‌లు అన్నప్పుడు ఆ భారం రోజురోజుకూ తోడవుతుంది. ప్రతి డైవ్‌లోనూ నైట్రోజన్‌ను తగ్గించి తీసుకోవడం ఇక్కడ నిజంగా అర్థవంతమైన జాగ్రత్త. అదీగాక జానీస్ గార్జ్, డిక్సన్స్ పినకిల్ వంటి, అక్కడికి వెళ్లేవారు తప్పక చూడాలనుకునే చోట్లు 30 మీటర్ల పరిసరాల దాకా దిగుతాయి. నైట్రాక్స్ బాగా పనికొచ్చే లోతు అదే, 20 నుంచి 30 మీటర్ల మధ్య.

అయితే బెండ్స్ భయమే ఉండదన్న మాటలోని షరతు ఇదే. నైట్రాక్స్ తీసుకుని, నైట్రాక్స్ అనుమతించే చివరి నిమిషం దాకా అడుగున ఉంటే మీ ముప్పు మామూలు గాలితో దాని చివరి నిమిషం దాకా ఉన్నవారి ముప్పుతో సమానం. నైట్రాక్స్ పీలుస్తూ గాలికి వర్తించే సమయాలనే పాటిస్తేనే ముప్పు తగ్గుతుంది. అప్పుడు కూడా సున్నా కాదు: వేగంగా పైకి రావడం, ఒంట్లో నీరు తగ్గిపోవడం, డైవ్ అయిన వెంటనే బరువులు మోయడం ఏ మిశ్రమంతోనైనా ప్రమాదాన్ని పెంచుతాయి.

అలసట సంగతి క్లుప్తంగా చెబుతాను. నైట్రాక్స్‌తో డైవ్ చేసిన రోజు హుషారుగా ఉంటుందని చెప్పేవారు చాలామంది ఉన్నారు, వారి అనుభవాన్ని నేను కాదనను. కాని 2003లో వెలువడిన ఒక ఆస్ట్రేలియా పరిశోధనలో డైవర్లను నీరు లేని పీడన గదిలో, అంటే పొడి ఛాంబర్‌లో, 18 మీటర్లకు సమానమైన పీడనంలో ఉంచి, ఏది పీలుస్తున్నారో వారికి తెలియకుండా గాలినీ నైట్రాక్స్‌నూ ఇచ్చి చూసినప్పుడు అలసటలో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. ఆ తర్వాత వచ్చిన పరిశోధనల ఫలితాలన్నీ ఒకే దిశలో లేవు. అలసట తగ్గితే సంతోషించండి, దానికోసమని మాత్రం డబ్బు పెట్టకండి. లోతులో కలిగే నైట్రోజన్ మత్తు కూడా నైట్రాక్స్‌తో తగ్గుతుందని అనుకోవద్దు. ఒత్తిడిలో ఆక్సిజన్‌కు సైతం మత్తు కలిగించే గుణం ఉందని భావిస్తున్నారు కనుక 30 మీటర్ల వద్ద మీ ఆలోచన గాలితో ఎంత మందగిస్తుందో నైట్రాక్స్‌తోనూ అంతే మందగిస్తుందని అనుకుని నడుచుకోవడం క్షేమం.

ఇక మీ వారి భయం. ఫ్రెంచి శరీరశాస్త్రవేత్త పాల్ బేర్ 1878లోనే, అధిక పీడనంలో ఆక్సిజన్ నాడీమండలానికి విషమై మూర్ఛలు తెప్పిస్తుందని రాశాడు. ఆ హద్దును కొలిచేది సిలిండర్‌లోని శాతంతో కాదు, ఆ శాతాన్ని లోతులోని పీడనంతో గుణిస్తే వచ్చే పాక్షిక పీడనంతో. డైవింగ్ సమయమంతటికీ 1.4 వాతావరణాలను హద్దుగానూ, 1.6ను అనుకోని పరిస్థితులకు మాత్రమే కేటాయించిన అంచుగానూ డైవింగ్ సంస్థలు పాటిస్తున్నాయి. మామూలు గాలితో 30 మీటర్ల వద్ద ఈ విలువ 0.84. 32 శాతంతో 1.28. అదే మిశ్రమంతో 33 మీటర్లు దాటాక 1.4 దాటుతుంది, 40 మీటర్ల వద్ద 1.6 అవుతుంది. 36 శాతం మిశ్రమానికి హద్దు 28 మీటర్లే. ఆక్సిజన్ పెరిగేకొద్దీ మీరు వెళ్లగల లోతు తగ్గుతుందన్నమాట. మరింత లోతుకు వెళ్లవచ్చన్న మీ మిత్రుల మాట తలకిందులైనదని అందుకే అన్నాను. మీ అడ్వాన్స్‌డ్ సర్టిఫికెట్ ఎలాగూ 30 మీటర్ల వరకే కనుక 32 శాతంతో మీరు ఆ గీతకు లోపలే ఉంటారు.

ఈ విషయంలో ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, బెండ్స్‌కూ ఆక్సిజన్ మూర్ఛకూ స్వభావంలోనే తేడా ఉంది. బెండ్స్ చాలావరకు పైకి వచ్చాక, సహాయం చేసేవారి మధ్య బయటపడుతుంది. దానికి చికిత్స ఉంది. ఆక్సిజన్ మూర్ఛ నీటి అడుగున వస్తుంది, నోట్లోని రెగ్యులేటర్ జారిపోతుంది, మనిషి మునిగిపోతాడు. చూపు చుట్టూ కుంచించుకుపోవడం, చెవుల్లో హోరు, వికారం, పెదవులూ ముఖ కండరాలూ అదరడం, కారణం లేని చికాకు, తల తిరగడం వంటి లక్షణాలు ముందు కనిపించవచ్చని పుస్తకాల్లో ఉంటుంది, కాని చాలాసార్లు ఏ హెచ్చరికా లేకుండానే మూర్ఛ వస్తుంది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో బ్రిటిష్ నౌకాదళ డైవర్లమీద కెన్నెత్ డొనాల్డ్ జరిపిన ప్రయోగాల్లో తేలిన ముఖ్యమైన సంగతి, ఒక మనిషి తట్టుకున్నది మరొకరు తట్టుకోలేరనే కాదు, ఒకరోజు తట్టుకున్న మనిషే మరొకరోజు తట్టుకోలేకపోవచ్చని. కనుక హద్దు దాటి ఎవరైనా క్షేమంగా తిరిగివచ్చారంటే అది మీకు ధైర్యాన్నిచ్చే ఆధారం కాదు.

ఇదే ఆక్సిజన్‌ను బెండ్స్ వచ్చినవారికి మందుగా ఇస్తారు కదా అని మీ వారికి సందేహం రావచ్చు. నిజమే, ఒడ్డున నూరు శాతం ఆక్సిజన్ ఇస్తారు, ఛాంబర్‌లో 18 మీటర్లకు సమానమైన 2.8 వాతావరణాల పీడనంలోనూ ఇస్తారు. కాని అక్కడ రోగి పొడిగా, కదలకుండా పడుకుని ఉంటాడు, మధ్యమధ్య మామూలు గాలి పీలుస్తాడు, పక్కన చూసుకునేవారు ఉంటారు. మూర్ఛ వచ్చినా మునిగిపోయే ప్రమాదం లేదు. నీటిలో ఈ రక్షణలు ఒక్కటీ లేవు.

హద్దుకు లోపల ఉన్నా ముప్పును పెంచే సంగతి ఒకటుంది, దాని గురించి తగినంత చెప్పరు. శరీరంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే మెదడు రక్తనాళాలు విప్పారి మెదడుకు ఆక్సిజన్ మరింతగా చేరుతుంది, మూర్ఛ అవకాశం పెరుగుతుంది. నేను పైన పేర్కొన్న అండమాన్ చోట్లలో ప్రవాహం బలంగా ఉండే రోజులుంటాయి. దానికి ఎదురీదుతూ రొప్పడం, లేదా గాలి ఆదా చేద్దామని ఊపిరి బిగపట్టి పట్టి పీల్చడం, రెండూ కార్బన్ డయాక్సైడ్‌ను పెంచేవే. సిలిండర్ ఎక్కువసేపు రావాలన్న ఆశతో రెండవ పని మీరు చేసే అవకాశముంది కనుక ప్రత్యేకంగా చెబుతున్నాను: ఊపిరి ఎక్కడా ఆపకుండా నిదానంగా, నిండుగా పీల్చండి. ప్రవాహం మిమ్మల్ని రొప్పిస్తోందనిపిస్తే డైవ్‌ను అక్కడితో చాలించండి. చిన్నప్పుడు గాని తర్వాత గాని ఎప్పుడైనా మూర్ఛలు వచ్చి ఉంటే నైట్రాక్స్ మాటకంటే ముందు అసలు డైవింగ్ గురించే వైద్యునితో మాట్లాడాలి.

హద్దుకు లోపల ఎంతసేపు ఉండవచ్చన్నదానికీ లెక్క ఉంది. అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవా ఇచ్చిన పరిమితుల ప్రకారం 1.4 వద్ద ఒక్క డైవ్‌కు 150 నిమిషాలు, 24 గంటల్లో మొత్తం 180 నిమిషాలు. 1.6 వద్ద ఒక్క డైవ్‌కు 45 నిమిషాలే. 40 నిమిషాల చొప్పున మూడు డైవ్‌లు, అందులోనూ ఎక్కువ భాగం 1.4 కంటే బాగా తక్కువలో గడిపే మీకు ఈ పరిమితి అడ్డు కాదు. శాస్త్రీయ డైవర్ల కోసం 32 శాతం మిశ్రమాన్ని 1970ల చివరలో ప్రామాణికం చేసింది కూడా ఆ సంస్థే, మోర్గన్ వెల్స్ నేతృత్వంలో. వినోద డైవర్లకు దీన్ని నేర్పడం 1985లో డిక్ రుట్కోవ్‌స్కీ మొదలుపెట్టినప్పుడు డైవింగ్ రంగంలో చాలామంది తీవ్రంగా వ్యతిరేకించారు. డైవింగ్ శిక్షణ సంస్థ పాడీ తన నైట్రాక్స్ కోర్సును ప్రవేశపెట్టింది 1996లో. నాటి వ్యతిరేకత పూర్తిగా అకారణమైనది కాదనే నా అభిప్రాయం, ఎందుకంటే ఈ వాయువు భద్రత వాయువులో లేదు, దాన్ని కొలిచి వాడే మనిషిలో ఉంది.

ఆ కొలత మీరు స్వయంగా చేయాలి. మీకు ఇచ్చే సిలిండర్‌లో ఎంత శాతం ఆక్సిజన్ ఉందో దాని మీద అంటించిన కాగితాన్నిబట్టి గాని, షాపువారి మాటనుబట్టి గాని నమ్మవద్దు. 32 శాతం అనుకున్న సిలిండర్‌లో 40 శాతం ఉంటే 30 మీటర్ల వద్ద మీరు 1.6కు చేరిపోతారు, మీ ఒంటికి ఆ సంగతి తెలియదు. ఆక్సిజన్ ఎనలైజర్‌ను ముందు బయటి గాలిలో 20.9కి సరిచూసి, వాల్వ్‌ను కొద్దిగా తెరిచి, అంకె నిలకడగా నిలిచేదాకా ఆగి చదవండి. వచ్చిన శాతం, దానికి గరిష్ఠ లోతు, తేదీ, మీ పేరు సిలిండర్ మీద రాసి, షాపు రిజిస్టర్‌లో సంతకం చేయండి. పడవలో ఆ సిలిండరే మీకు వచ్చిందో లేదో మళ్లీ చూసుకోండి. ఎనలైజర్ ఇవ్వడానికి విసుక్కునే షాపు దగ్గర నైట్రాక్స్ తీసుకోవద్దు. సిలిండర్లను ఆక్సిజన్‌కు తగినట్లు శుభ్రపరచి నింపడం, నూనె చేరని కంప్రెసర్ వాడడం షాపువారి బాధ్యత. 40 శాతం వరకు మీ రెగ్యులేటర్‌కు సాధారణంగా ప్రత్యేక మార్పులు అవసరం లేదంటారు, అయినా తయారీదారు సూచనను ఒకసారి చూడండి.

డైవ్ కంప్యూటర్ విషయంలో రెండు పద్ధతులున్నాయి. నైట్రాక్స్ పీలుస్తూ కంప్యూటర్‌ను గాలి మీదే ఉంచడం కొందరి అలవాటు. అలా చేస్తే నైట్రోజన్ లెక్కలో రక్షణ దొరుకుతుంది గాని, కంప్యూటర్‌కు మీ ఆక్సిజన్ సంగతి తెలియదు, లోతు హద్దు దాటినా హెచ్చరించదు. అందుకని కొలిచిన శాతాన్నే కంప్యూటర్‌లో పెట్టి, దానిలోని జాగ్రత్త స్థాయిని ఒక మెట్టు పెంచి, చూపే సమయంలో కొంత మిగిలి ఉండగానే పైకి రావడాన్ని నేను సమర్థిస్తాను. కొన్ని కంప్యూటర్లు కొంత సమయం తర్వాత తమంతట తామే వేరే శాతానికి మారిపోతాయి కనుక ప్రతి డైవ్‌కు ముందు చూసుకోవాలి. మీ బడ్డీ, అంటే మీతో జంటగా దిగే డైవర్, మామూలు గాలి తీసుకుంటుంటే, లోతు మీ హద్దునుబట్టి, సమయం వారి హద్దునుబట్టి నడవాలని నీటిలోకి దిగకముందే మాట్లాడుకోండి. పొరపాటున హద్దు దాటారని గమనిస్తే కంగారుపడకుండా వెంటనే, కాని మామూలు వేగంతోనే, కొన్ని మీటర్లు పైకి రండి. లోతు తగ్గుతుండగానే ఆక్సిజన్ పాక్షిక పీడనం కూడా తగ్గుతుంది.

చివరి రోజు ఉదయం డైవ్, మధ్యాహ్నం విమానం అన్న ఆలోచనను మాత్రం పూర్తిగా వదిలేయండి. విమానం లోపలి పీడనం దాదాపు 2,400 మీటర్ల ఎత్తైన కొండ మీద ఉండే పీడనం దాకా తగ్గవచ్చు. శరీరంలో మిగిలిన నైట్రోజన్ అక్కడ బుడగలు కట్టడానికి అది చాలు. ఒకే ఒక్క డైవ్ చేసినవారికి కనీసం 12 గంటలు, రోజుకు ఒకటికి మించి గాని, చాలా రోజులు వరుసగా గాని డైవ్ చేసినవారికి కనీసం 18 గంటలు ఆగాలన్నది డైవర్ల భద్రతా సంస్థ డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ మార్గదర్శకం, నైట్రాక్స్ వాడారని ఇందులో సడలింపు లేదు. ఇన్ని రోజుల వరుస డైవింగ్ తర్వాత ఒక పూర్తి రోజు ఆగమనే నేను చెబుతాను. అంటే ఐదవ రోజు సాయంత్రానికి డైవ్‌లు ముగించి, ఆరవ రోజు ఫెర్రీలో శ్రీ విజయపురం (పాత పోర్ట్ బ్లెయిర్) చేరుకుని, ఏడవ రోజు విశాఖకు విమానం ఎక్కేలా టికెట్ తీసుకోండి. ఇప్పటికే తీసుకుని ఉంటే డైవ్‌ల సంఖ్యను తగ్గించుకోండి. అత్యవసరమైతే బెండ్స్‌కు చికిత్స చేసే రీకంప్రెషన్ ఛాంబర్ దగ్గరలో ఎక్కడుందో, పడవలో ఆక్సిజన్ కిట్ ఉందో లేదో డబ్బు కట్టేముందే షాపువారిని అడిగి, ఆ ఫోన్ నంబరు మీ వారి దగ్గర కూడా ఉంచండి.